వార్ధక్యంలో ఇంటివద్ద సేవ, పగటి సంరక్షణ: వికారాబాదు, తాండూరు సంఘాల సందర్భంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంఘ కాపరులు గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. మంచం మీద ఒక వృద్ధురాలు ఉంటుంది. ప్రార్థన ముగిసిన తరువాత కోడలు గుమ్మం దాకా సాగనంప వచ్చి, లోపలికి వినబడకుండా, "అయ్యగారూ, అత్తమ్మను ఆశ్రమంలో చేర్పిస్తే పాపమా?" అని అడుగుతుంది. సాధారణంగా కాపరి దగ్గర రెండు జవాబులే ఉంటాయి. ఒకటి, తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞను జ్ఞాపకం చేయడం. రెండు, తనకు తెలిసిన వృద్ధాశ్రమం పేరు చెప్పడం. మొదటి జవాబు ఆ కోడలి భారాన్ని పెంచుతుంది. రెండవది ఆ వృద్ధురాలిని ఆమె ఇంటినుండి, ఇరుగుపొరుగు నుండి వేరు చేస్తుంది.

ఈ రెండింటికి మధ్య మూడవ మార్గం ఒకటి ఉన్నదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. వృద్ధులు తమ ఇంటిలోనే ఉంటూ, శిక్షణ గల మనిషి సహాయాన్ని కొన్ని గంటలు పొందడం, వారంలో కొన్ని పగళ్లు తోటివారి మధ్య ఒక కేంద్రంలో గడిపి సాయంత్రానికి ఇల్లు చేరుకోవడం ఆ మార్గం. దీనిని ఏర్పాటు చేయడం ఎట్లా, ఎవరికి ఇది తగును, ఎవరికి తగదు, దీనిలో కాపరి పాత్ర ఏమిటి అనే అంశాలను వికారాబాదు, తాండూరు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాం. వృద్ధుల సంరక్షణ అంటే ఇద్దరి సంరక్షణ. సేవ పొందే వృద్ధురాలు ఒకరు, ఆ సేవను మోసే స్త్రీ మరొకరు. ఇద్దరిలో ఒకరిని మరచిన ఏర్పాటు ఎక్కువ కాలం నిలువదన్నది మా అభిప్రాయం.

2. మన ప్రాంతంలో సమస్య స్వరూపం

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలు. 2050 నాటికి దేశ జనాభాలో ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే ఉంటారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. వృద్ధులలో నూటికి ఏడుగురికి పైగా మతిమరుపు వ్యాధితో, అనగా డిమెన్షియాతో, జీవిస్తున్నారని అదే సంవత్సరం ప్రచురితమైన జాతీయ స్థాయి పరిశోధన తెలిపింది. ఈ అంకెలు మన సంఘాల హాజరు పట్టికలోనే కనబడుతున్నాయి. ఒకప్పుడు ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఇప్పుడు ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్నారు.

2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి విడివడి ఏర్పడిన వికారాబాదు జిల్లాకు కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. వికారాబాదు జంక్షన్ హైదరాబాదుకు సుమారు 70 కిలోమీటర్ల దూరం. రైలు ఉండడం వలన యువకులు నగరంలో ఉద్యోగాలకు స్థిరపడ్డారు, తల్లిదండ్రులు ఇక్కడ మిగిలిపోయారు. తాండూరు కర్ణాటక సరిహద్దుకు దగ్గరి పట్టణం. నాపరాతి గనులు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, కందిపప్పు మిల్లులు అక్కడి జీవనాధారం. రాతి దుమ్ములో దశాబ్దాలు పనిచేసినవారికి వార్ధక్యంలో ఆయాసం తోడవుతుంది. కొడంగల్ వైపు గ్రామాలనుండి బొంబాయి, పూనా పట్టణాలకు వలసపోయిన కుటుంబాలలో అవ్వ, తాతలే మనుమలను చూసుకుంటారు. ఆ అవ్వ పడిపోయిన రోజున ఆమెను చూసే మనిషి ఇంట్లో ఉండరు.

వైద్యం విషయంలో ఈ ప్రాంతం వెనుకబడినది కాదు. అనంతగిరి కొండమీది క్షయ ఆసుపత్రి నిజాం కాలం నాటిది. వికారాబాదులో మెథడిస్టు మిషనువారి క్రాఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి తరతరాలకు తెలిసిన పేరు. తాండూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. అయితే ఆసుపత్రి రోగం తగ్గించి పంపిస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషిని డిశ్చార్జి చేసిన మరునాటి ఉదయం స్నానం ఎవరు చేయించాలి, రాత్రి రెండు గంటలకు లేచి తిరుగుతున్న తాతగారిని ఎవరు కనిపెట్టాలి అనే ప్రశ్నలకు ఆసుపత్రిలో జవాబు దొరకదు. కొరత ఏర్పడింది ఇక్కడే.

వివరణకు వీలుగా ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు గాని, పాఠకులు తమ సంఘంలో ఇటువంటి ఇంటిని సులువుగా గుర్తుపట్టగలరు. తాండూరులో డెబ్బది ఎనిమిది సంవత్సరాల తల్లి. పక్షవాతం వచ్చి రెండేండ్లయింది, చేతికర్ర పట్టుకొని నడుస్తుంది, ఈ మధ్య మరుపు మొదలయింది. పెద్ద కుమారుడు సిమెంటు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. చిన్న కుమారుడు హైదరాబాదులో, కుమార్తె వికారాబాదులో ఉపాధ్యాయురాలు. సేవ అంతా పెద్ద కోడలిది. ఇంటివద్ద బట్టలు కుట్టి నాలుగు రూకలు సంపాదించే ఆమె కుట్టుపని మానేసి ఏడాదయింది. అందరూ ఆమెను మెచ్చుకుంటారు, ఒక్క పూట వచ్చి కూర్చునేవారు మాత్రం లేరు.

3. వాక్యాధారం

ఈ అంశంపై సాధారణంగా మనం ఐదవ ఆజ్ఞను, 1 తిమోతి 5:8ని బోధిస్తాం. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడన్న ఆ మాట కఠినమైనదే. అయితే అదే అధ్యాయం 4వ వచనంలో ఆ బాధ్యత పిల్లలమీద, మనుమలమీద ఉంచబడింది. 9వ వచనంలో అరువది ఏండ్లు దాటిన విధవరాండ్ర పట్టిక ఒకటి సంఘం దగ్గర ఉన్నట్టు కనబడుతుంది. కుటుంబం ఒకవైపు, సంఘం మరొకవైపు నిలిచి భారాన్ని పంచుకున్న ఏర్పాటు అది. సంఘం చేతులు కడుగుకోవడానికి ఈ అధ్యాయాన్ని ఆధారం చేసుకోవడం సరికాదు.

అపొస్తలుల కార్యములు 6:1-6లో అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు అశ్రద్ధ చేయబడ్డారని సణుగు పుట్టింది. అపొస్తలులు సణగవద్దని ప్రసంగించి ఊరుకోలేదు. ఏడుగురు మనుష్యులను ఏర్పరచి పని అప్పగించారు. సమస్య ఏర్పాటులో ఉన్నది గనుక పరిష్కారం కూడా ఏర్పాటులోనే వెదకబడింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ వినబడే తాండూరులో ఈ భాగం మరింత అర్థవంతం. మతిమరుపు ముదిరినవారికి చివరగా మిగిలేది తరచుగా చిన్ననాటి భాషే.

రూతు గ్రంథాన్ని కోడండ్రకు ఆదర్శంగా చూపుతుంటాం. కాని నయోమి వార్ధక్యాన్ని రూతు ఒక్కతే మోయలేదు. పరిగె ఏరుకొనే హక్కునిచ్చిన ధర్మశాస్త్రం, బోయజు పొలం, చివర నయోమి చుట్టూ చేరిన పొరుగు స్త్రీలు, వెరసి బేత్లెహేము అంతా ఆ కథలో ఉన్నది. చుట్టూ బేత్లెహేము లేకుండా ప్రతి కోడలినీ రూతువలె ఉండుమనడం న్యాయం కాదు.

ఇక అంతగా బోధింపబడని భాగం 2 సమూయేలు 19:31-39. ఎనుబది ఏండ్ల బర్జిల్లయిని తనతో యెరూషలేముకు వచ్చి ఉండుమనీ, అక్కడ తాను పోషిస్తాననీ దావీదు పిలుస్తాడు. మంచి ఉద్దేశంతో చేసిన ఆహ్వానమే. బర్జిల్లయి తన వయస్సును, తగ్గిన రుచిని, వినికిడిని చెప్పి, తన ఊరిలో తలిదండ్రుల సమాధి దగ్గరనే కన్నుమూయాలని కోరుకుంటాడు. రాజు అతని మాట మన్నించి, ముద్దుపెట్టుకొని దీవించి పంపుతాడు. వృద్ధులను అడగాలి, వారి జవాబును గౌరవించాలి అన్నది ఇక్కడి పాఠం. మన కుటుంబ సమావేశాలలో ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో వారిని తప్ప అందరినీ అడుగుతాం.

4. మొదటి మెట్టు: అవసరాన్ని అంచనా వేయడం

"అమ్మకు బాగాలేదు" అన్న మాటతో ఏ ఏర్పాటూ చేయలేం. ఏ పనికి సహాయం కావాలో తేల్చుకోవాలి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు ప్రచురించిన కొలమానం నేటికీ వాడుకలో ఉన్నది. అందులో ఆరు పనులున్నాయి: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీదినుండి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తినడం. ఒక్కొక్క పనిని ఆమె తానే చేసుకోగలదా, సహాయంతో చేస్తుందా, అసలు చేయలేదా అని రాసుకోవాలి. దీనికి తోడు మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క, ఫోను, వంట, బయటికి వెళ్లడం అనే విషయాలను కూడా చూడాలి.

మన ఉదాహరణలోని తల్లి తినగలదు, బట్టలు కట్టుకోగలదు. స్నానానికి, మరుగుదొడ్డికి సహాయం కావాలి. మందులు మరచిపోతుంది. అనగా ఆమెకు ఇరవైనాలుగు గంటల నర్సు అవసరం లేదు. ఉదయం రెండు గంటల సహాయం, పగలు కనిపెట్టి ఉండే మనిషి చాలు. ఈ అంచనా వేయనందువల్లనే కొందరు అక్కరలేని ఖర్చు చేస్తారు, కొందరు అసాధ్యమని చేతులెత్తేస్తారు.

అదే కాగితం వెనుకవైపు సేవ చేస్తున్న మనిషి గురించి కూడా రాయాలి. ఆమె రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నది, నడుము నొప్పి ఉన్నదా, చివరిసారి ఆరాధనకు ఎప్పుడు వచ్చింది, ఏ పని మానుకున్నది అని అడగాలి. ఈ రెండవ పుట లేకుండా మొదటి పుట అసంపూర్ణం. హఠాత్తుగా మతి తప్పినట్టు మాట్లాడడం, కొత్తగా మూత్రంపై అదుపు పోవడం వంటివి వయస్సు లక్షణాలని వదిలేయరాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మందుల వికటింపు వంటి చికిత్స చేయదగిన కారణాలుండవచ్చును గనుక ముందు వైద్యునికి చూపించాలి.

5. రెండవ మెట్టు: కుటుంబ సమావేశం

ఏటా నవంబరులో ధారూరులో జరిగే క్రైస్తవ జాతరకు దూరప్రాంతాల వారు కూడా సొంతూరు చేరుకుంటారు. క్రిస్మసుకు మరల వస్తారు. తోబుట్టువులందరూ ఒకచోట ఉండే ఆ రోజులలో ఒక పూటను ఈ మాటకు కేటాయించుమని కాపరి సలహా ఇవ్వవచ్చును. ముందుగా తల్లితోనో తండ్రితోనో ఒంటరిగా మాట్లాడి వారి కోరిక తెలుసుకోవాలి. తరువాత సమావేశంలో నాలుగు విషయాలు తేల్చాలి: ఏ పని ఎవరిది, నెలకు ఎవరు ఎంత ఇవ్వాలి, సేవ చేస్తున్న మనిషికి సెలవు ఎప్పుడు, ఆపద వస్తే నిర్ణయం ఎవరిది. తేలినదాన్ని కాగితం మీద పెట్టాలి.

దూరాన ఉన్నవారు డబ్బు పంపడంతో తమ వంతు తీరిందనుకోవడం సహజం. డబ్బు అవసరమే, కాని సెలవు అంతకన్నా అవసరం. మన ఉదాహరణలో వికారాబాదు కుమార్తె నెలకు రెండు శని, ఆదివారాలు తల్లి దగ్గర ఉంటే, హైదరాబాదు కుమారుడు సహాయకురాలి జీతంలో పెద్ద భాగం భరిస్తే, కోడలు మరల కుట్టుమిషను దగ్గర కూర్చోగలదు.

ఇక్కడ చట్టం చెప్పే మాట ఒకటి గమనార్హం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో పోషణ బాధ్యత కుమారుడు, కుమార్తె, మనుమడు, మనుమరాలిమీద ఉంచబడింది. సంతానం లేనివారి విషయంలో వారి ఆస్తికి వారసులు కాగల బంధువులమీద ఉంచబడింది. కోడలి పేరు అందులో లేదు. కోడలిని, అల్లుడిని చేర్చాలని 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. వాక్యం పిల్లలను, మనుమలను పేర్కొంటున్నది, చట్టం కూడా వారినే పేర్కొంటున్నది. ఆచారం మాత్రం కోడలిని పట్టుకున్నది. ఈ తేడాను కుమారులకు, కుమార్తెలకు వినబడేటట్లు చెప్పగల స్థానం కాపరికి ఉన్నది.

6. మూడవ మెట్టు: ఇంటివద్ద సహాయకురాలు

ఇంటివద్ద సేవ చేసేవారు మూడు రకాలు. ఇల్లు ఊడ్చి, వంట చేసి, మనిషికి తోడుండే పనిమనిషి ఒకరు. స్నానం, మరుగుదొడ్డి, నడక, ఆహారం విషయాలలో సహాయపడే ఆయా లేదా అటెండెంట్ రెండవవారు. ఇంజెక్షను, మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం, పుండ్లకు కట్లు చూసే శిక్షణ పొందిన నర్సు మూడవవారు. ఆయాతో నర్సు పని చేయించడం ప్రమాదం. వారానికి రెండుసార్లు వచ్చిపోయే నర్సు చాలినచోట పూర్తికాలపు నర్సును పెట్టుకోవడం అనవసర ఖర్చు.

హైదరాబాదు ఏజెన్సీలు పన్నెండు గంటలకో, ఇరవైనాలుగు గంటలకో మనుషులను పంపుతాయి. నగరంనుండి తాండూరుకు రోజూ వచ్చిపోవడం కష్టం గనుక ఇంట్లోనే ఉండే మనిషిని తీసుకోవలసి వస్తుంది. అప్పుడు ఆమె పడకకు చోటు, స్నానానికి మరుగు ఉన్నదా అని ముందే చూడాలి. మా ఆలోచనలో ముందు స్థానికంగా వెదకడం మేలు. ఆసుపత్రులలో పనిచేసి విరమించిన ఆయాలు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు మన సంఘాలలోనే ఉన్నారు. వారు తామే పనిచేయలేకపోయినా ఇద్దరు యువతులకు పని నేర్పగలరు. ఇంటివద్ద సేవలందించే సంస్థల నమోదును కూడా 2019 బిల్లు ప్రతిపాదించింది. అది నెరవేరలేదు గనుక ఏజెన్సీ బోర్డు ఒక్కటే నాణ్యతకు హామీ కాదు. మనిషి ఆధార్ నకలు, పూర్వం పనిచేసిన ఇంటివారి మాట, పోలీసు వెరిఫికేషను తప్పనిసరిగా చూసుకోవాలి.

పనికి కుదిరిన రోజునే ఈ సంగతులు రాసి ఇద్దరూ సంతకం చేయడం మంచిది: పని గంటలు, జీతం, చెల్లించే తేదీ, వారపు సెలవు, భోజనం, ఏ పనులు ఆమెవి, ఏవి కావు. వృద్ధురాలికోసం వచ్చిన మనిషితో ఇంటిల్లిపాది బట్టలు ఉతికించరాదు. బంగారం, పింఛను పుస్తకం, బ్యాంకు కార్డు ఆమె చేతికి ఇవ్వరాదు. ఇది అనుమానం వల్ల కాదు. రేపు ఏదైనా కనబడకపోతే నిందనుండి ఆమెను కాపాడేది ఆ జాగ్రత్తే. సహాయకురాలు కూడా ఒక ఇంటి తల్లే. ఆమెకు న్యాయమైన జీతం, విశ్రాంతి ఇవ్వకుండా మన తల్లిని సన్మానించామనడం యాకోబు 5:4 ముందు నిలువదు.

ఇంటిలో కొన్ని మార్పులు చేయాలి. మన ప్రాంతంలో ఇంటింటా ఉండేది తాండూరు నాపరాయే. పాలిషు చేసిన నాపరాయి తడిస్తే జారుతుంది. వృద్ధులు స్నానాల గదిలో పడి తుంటి ఎముక విరిగితే మరల నడవడం చాలామందికి సాధ్యపడదు. స్నానాల గదిలో గరుకు రాయి లేదా రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చొని స్నానం చేయడానికి స్టూలు, మంచం దగ్గర కమోడ్ కుర్చీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం, ఇవి ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పడకపుండ్లు చాలావరకు నివారింపబడతాయి. మందుల పేర్లు, వేళలు రాసిన కాగితం గోడకు అంటించి, ఇచ్చిన ప్రతిసారి గుర్తు పెట్టాలి.

7. నాలుగవ మెట్టు: పగటి సంరక్షణ కేంద్రం

పిల్లలకు అంగన్‌వాడీ ఉన్నట్టే పెద్దలకు పగటి కేంద్రం అని చెబితే మన ప్రజలకు సులువుగా అర్థమవుతుంది. ఉదయం తీసుకువస్తారు. రక్తపోటు, చక్కెర చూస్తారు, భోజనం పెడతారు, మందులు వేయిస్తారు, చిన్న వ్యాయామం, కబుర్లు, కొంత నిద్ర. సాయంత్రం ఇంటికి చేరుస్తారు. వృద్ధులకు తోడు దొరుకుతుంది. ఇంట్లో సేవ చేసే మనిషికి పగలు దొరుకుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డులో వృద్ధుల వైద్యుడు లయొనెల్ కాసిన్ 1958లో వృద్ధుల పగటి ఆసుపత్రిని నెలకొల్పాడు. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో చైనా పేటలోని వలస కుటుంబాలు పెద్దలను నర్సింగ్ హోములకు పంపడానికి ఇష్టపడనందున 1970ల మొదట్లో ఆన్ లోక్ అనే సంస్థ పగటి కేంద్రాన్ని ఆరంభించింది. తరువాత అది ఆ దేశమంతటికీ ఒక నమూనా అయింది. మన దేశంలో 1992లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వృద్ధాశ్రమాలతో పాటు పగటి కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు కూడా సహాయం చేసింది. మనకు అన్నిటికన్న దగ్గరి ఉదాహరణ కేరళ. మలప్పురం జిల్లాలో సుమారు 2000 ప్రాంతంలో ఆరంభమైన ఇరుగుపొరుగు సేవా వ్యవస్థలో సామాన్య ప్రజలే చిన్న మొత్తాలు పోగుచేసి, శిక్షణ పొంది, నర్సులతో కలిసి మంచం పట్టినవారి ఇండ్లకు వెళ్తారు. డాక్టర్ల కొరతను పొరుగువారి ఓపిక చాలావరకు తీర్చగలదని ఆ అనుభవం చూపింది.

మన పట్టణాలలో దేవాలయ ప్రాంగణం, పాఠశాల గది, కమ్యూనిటీ హాలు వారంలో ఆరు పగళ్లు తాళంతో ఉంటాయి. వారానికి రెండు పగళ్లు, పదిమంది వృద్ధులతో ఆరంభించవచ్చును. కావలసినవి ఇవి: మెట్లులేని దారి లేదా ర్యాంపు, కమోడ్ ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డి, వాలు కుర్చీలు, కొన్ని మంచాలు, తాగునీరు, మెత్తని భోజనం, జీతం తీసుకునే ఇద్దరు సహాయకురాండ్రు, వారానికొకసారి వచ్చే నర్సు, నమ్మకమైన ఆటో. ప్రతివారి పేరుమీద ఒక పుట ఉండాలి. అందులో వ్యాధులు, మందులు, వైద్యుడు, ఇంటివారి ఫోను నంబరు, తినకూడనివి రాసి ఉంచాలి. ఆపద వేళ 108కి ఎవరు ఫోను చేయాలో ముందే నిర్ణయించాలి. స్వచ్ఛంద సేవకులు ఉండాలి గాని, వారిమీదనే కేంద్రం ఆధారపడరాదు. వరికోతలు, పరీక్షలు, పెండ్లిండ్లు వచ్చినప్పుడు తలుపు మూసుకునే కేంద్రాన్ని ఏ కుటుంబమూ నమ్ముకోలేదు.

ఇది అందరికీ తగినది కాదు. మంచంమీదనుండి లేవలేనివారికి, అంటువ్యాధి ఉన్నవారికి, ప్రయాణంతోనే అలసిపోయేవారికి ఇంటివద్ద సేవే మేలు. మతిమరుపు ఉన్నవారు మొదటి వారాలలో బెదురుతారు. తెలిసిన మనిషి పక్కన కూర్చొని, గంట, రెండు గంటలుగా అలవాటు చేయాలి. గేటు దగ్గర ఎవరైనా కనిపెట్టి ఉండాలి.

మరొక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కేంద్రం పేటలోని అందరు వృద్ధులకూ తెరవబడాలి. అక్కడికి వచ్చిన ముస్లిం తాతగారి నమాజు వేళకు, శాకాహారి అయిన అవ్వ ఆహారానికి గౌరవం ఉండాలి. నిస్సహాయతలో ఉన్న మనిషికి అన్నంతో పాటు మతాన్ని వడ్డించడం సేవ కాదు. ప్రార్థన కోరినవారికి ప్రార్థన, కోరనివారికి మంచినీరు, మంచిమాట చాలు.

8. ప్రభుత్వ సహాయం, చట్టపు రక్షణ

కాపరి ఇంటింటికి చెప్పగలిగేటట్లు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567. సలహాకు, నిరాదరణ ఫిర్యాదుకు దీనికి ఫోను చేయవచ్చును. 2010-11లో ఆరంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వార్డు, ఫిజియోథెరపీ, కదలలేనివారి ఇంటికి ఆరోగ్య కార్యకర్త రాక పొందుపరచబడ్డాయి. ఈ సేవలను అడిగి పొందాలి. నయంకాని వ్యాధులవారికి నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవ మన పొరుగున చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రిలో మొదలై ఇతర జిల్లాలకు విస్తరించింది. ఆ బృందాలు ఇండ్లకు కూడా వెళ్తాయి.

ఖర్చు విషయంలో భ్రమలుండరాదు. 2014లో వచ్చిన ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. మందులకు, పాలకు సరిపోయే ఆ సొమ్ము మనిషి జీతానికి చాలదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచబడింది గాని, అది ఆసుపత్రి చికిత్సకే. ఇంటివద్ద ఆయా జీతం దానిలో రాదు. అందుచేత కుటుంబం, సంఘం కలిసి భరించక తప్పదు.

2007 చట్టం ప్రకారం పోషణ కోరే దరఖాస్తును రెవెన్యూ డివిజినల్ అధికారి స్థాయిలోని ట్రిబ్యునల్ వింటుంది. మన జిల్లాలో వికారాబాదు, తాండూరు రెండూ రెవెన్యూ డివిజన్లే. పోషణ సొమ్మును నెలకు 10,000 రూపాయలవరకు నిర్ణయించే అధికారం చట్టంలో ఉన్నది, నోటీసు అందిన 90 దినాలలో తీర్పు రావాలి. 23వ సెక్షను ఆస్తికి సంబంధించినది. తమను చూసుకోవాలనే షరతుమీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చును. ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరొక కేసులో చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా చూడాలన్నది. ఏది ఏమైనా, గిఫ్టు డీడు రాసే పెద్దలకు పోషణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుమని చెప్పడం కాపరి చేయగల గొప్ప సహాయం. దేవాలయానికి భూమి, సొమ్ము ఇవ్వజూపే వృద్ధుల విషయంలో కూడా, వారి పోషణకు మిగిలి ఉన్నదా అని అడగడం మన ధర్మం. మార్కు 7:9-13లో కొర్బానును గూర్చి ప్రభువు అన్న మాట కానుక ఇచ్చేవారికే కాదు, పుచ్చుకొనేవారికి కూడా హెచ్చరికే.

9. కాపరి పాత్ర, దాని హద్దులు

కాపరి వైద్యుడు కాడు, న్యాయవాది కాడు, ఏజెన్సీ అసలే కాడు. సహాయకురాలిని తానే కుదిర్చి, జీతం తన చేతిమీదుగా ఇప్పించే కాపరి చివరకు ఇరువైపులా నిందలపాలవుతాడు. ఆయన పని మూడు విధాలు. మొదటిది, సంఘంలో డెబ్బది దాటినవారి జాబితాను, వారికి సేవ చేస్తున్నవారి పేర్లను కూడా పక్కనే రాసి, సిద్ధం చేయించడం. రెండవది, కుటుంబాన్ని ఒకచోట కూర్చోబెట్టడం. మూడవది, పొరుగును కదిలించడం. వారానికి మూడు గంటలు ఒక స్త్రీ వెళ్లి కూర్చుంటే ఆ ఇంటి కోడలు ఆరాధనకు రాగలదు. స్త్రీల సమాజం, యువజన సంఘం ఈ వంతును పంచుకోవచ్చును. పురుష రోగుల స్నానం వంటి పనులకు పురుషులు ముందుకు రావాలి.

కొన్ని సందర్భాలలో ఆశ్రమమే సరియైన మార్గం కావచ్చును. ఇంట్లో కొట్టేవారున్నప్పుడు, చూసే మనిషి తానే రోగి అయినప్పుడు, పిల్లలు లేనప్పుడు, వృద్ధులు తామే కోరుకున్నప్పుడు దానిని పాపమనడం క్రూరత్వం. అప్పుడు ఆశ్రమానికి వెళ్లి చూడడం, దర్శించడం మానకుండుట సంఘం విధి. యోహాను 19:26-27లో ప్రభువు సిలువమీదనుండి తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. రక్తసంబంధం కాని ఇల్లు కూడా ఆమెకు ఇల్లయింది.

10. ముగింపు

గుమ్మం దగ్గర కోడలు అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాం. "పాపమా, కాదా" అని తేల్చడానికి ముందు కాపరి ఆమెను మూడు ప్రశ్నలు అడగవలెను: అత్తమ్మకు ఏ పనికి సహాయం కావాలి? అత్తమ్మ ఏమి కోరుతున్నది? నీవు రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నావు? ఈ మూడింటికి జవాబులు దొరికిన తరువాత దారి చాలావరకు దానంతట అదే కనబడుతుంది. ఉదయం రెండు గంటలకు ఒక ఆయా, వారానికి రెండు పగళ్లు ఒక హాలు, నెలకు రెండుసార్లు ఒక ఆడబిడ్డ రాక చాలు, ఆ ఇంటిలో అత్తమ్మ తన మంచంమీదనే, తన కిటికీ పక్కనే ఉండవచ్చును. కోడలు మరల కుట్టుమిషను తొక్కవచ్చును.

వేదాంత విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్యలో ఒక్కొక్కరు ఒక్క కుటుంబానికి ఈ అంచనా కాగితాన్ని, రెండు పుటలతో, పూర్తిచేసి చూడుమని మా మనవి. ఐదవ ఆజ్ఞను ప్రసంగించే ముందు ఆ కాగితాన్ని ఒకసారి చదువుకొంటే, ప్రసంగం ఎవరిని ఉద్దేశించి చేయవలెనో తెలిసివస్తుంది.